పెళ్లివిందు మర్నాటి నెత్తురు

పరిశోధన వ్యాసంలో నా పేరు కొట్టేసి మా విభాగం పెద్ద డాక్టర్ మెంగ్ తన అన్నకొడుకు పేరు పెట్టాడని తెలిసిన రోజు నేను ఏడవలేదు. మా ఆయన లువాన్ వేయించిన ఆల్చిప్పల మాంసం వేళ్లు నాక్కుంటూ తిన్నాను. పెళ్లయి నెల కూడా కాలేదు, ఆయన గరిటె తిప్పుతుంటే చూడడం నాకింకా పండగే. నోట్లో మాత్రం మెంగ్‌నే నములుతున్నాను.

చైనా సముద్రతీరంలోని మా యెన్‌తాయ్ ఆసుపత్రిలో, గుండె బలహీనపడ్డ రోగులకు మామూలు మందులతోపాటు మూలికల వేళ్ల కషాయం ఇస్తాం. వాళ్ల రక్తంలో ఏ పదార్థం తగ్గిందో, ఏది పెరిగిందో యంత్రంతో కొలిచేది నేనే. పోల్చి చూడడానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలి. నేను పెళ్లి సెలవులో ఉండగా మెంగ్ మా విభాగం వాళ్లందరినీ పొద్దున్నే కూర్చోబెట్టి నెత్తురు తీయించాడు. అది నా పెళ్లివిందు మర్నాడు!

మా వైపు విందంటే సముద్రపు చేప. పళ్లెంలో చేప తల ఎవరివైపు ఉంటే వాళ్లే ముందు గ్లాసెత్తి మందు తాగాలి. ఆ రాత్రి తల మెంగ్ వైపే పెట్టాం. గుండె చెడినవాళ్ల రక్తంలో పెరిగే ఒక పదార్థం, చేప తిన్నవాళ్ల రక్తంలోనూ బాగా పెరుగుతుంది. అందుకే లెక్కలో రోగులు ఆరోగ్యవంతులకన్నా ఆరోగ్యంగా తేలారు.

సెలవు నుంచి రాగానే చెప్పాను. "గురువుగారూ, వాళ్ల నెత్తుర్లో ఉన్నది నా పెళ్లిచేప. మళ్లీ తీయాలి."

"కొత్త పెళ్లికూతురికి ఎటు చూసినా పెళ్లే!" అని నవ్వాడు. "రేపో మాపో పిల్లల్ని కంటావు. నీకెందుకమ్మా ఈ గొడవ?"

ఆ వారమే నా పేరు ఎగిరిపోయింది.

"మళ్లీ వెళ్లి చెప్పు, కడుపులో పెట్టుకుంటే అరగదు" అన్నాడు లువాన్.

"ఉడకనీ. నీ సూప్‌లాగే, మూతపెట్టి, సన్నమంట మీద."

బయటి నిపుణులు వచ్చిన సమీక్షలో అన్నకొడుకు బిన్ ఛాతీ విరుచుకుని మాట్లాడాడు. "మా కషాయం తాగితే రోగి రక్తం ఆరోగ్యవంతుడి రక్తాన్నే మించిపోతుంది!"

నేను చెయ్యెత్తాను. "తమ్ముడూ, ఆరోగ్యవంతులు ముందురోజు రాత్రి ఏం తిన్నారు?"

"నియమం ప్రకారం గంజి, అక్కా."

"నువ్వూ వాళ్లలో ఒకడివేగా. గంజే తాగావా?"

"గంజే!"

నా ఫోన్‌ను తెరకు కలిపాను. తేదీతో సహా నా పెళ్లి వీడియో. తలకు టై కట్టుకుని బిన్ చేప బుగ్గ పీకుతున్నాడు. "బాబాయ్, ఇంకో ముక్క!" అంటున్నాడు. పక్కన మెంగ్, మొహం ఎర్రగా, గ్లాసు ఎత్తి.

హాలంతా ఘొల్లున నవ్వింది. నిపుణుల్లో పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇందులో కషాయం గొప్ప ఏమీ లేదు, అంతా వంటవాడి గొప్పే. నెత్తురు మళ్లీ తీయండి. ఈ అమ్మాయే తీయాలి, వ్యాసం కూడా ఈ అమ్మాయే రాయాలి."

నడవాలో మెంగ్ నా దారికి అడ్డొచ్చాడు. "షూలన్, తల్లీ, చెవిలో చెప్పొచ్చుగా?"

"చెప్పాను గురువుగారూ. నవ్వారు."

మళ్లీ నెత్తురు ఇవ్వాల్సినవాళ్ల జాబితాలో మొదటి పేరు మెంగ్‌దే రాశాను. ముందురోజు రాత్రి క్యాంటీన్‌లో ఆయన పక్కనే కూర్చుని, గంజి తప్ప మరేదీ గొంతు దిగనివ్వలేదు. తీసే రోజు చేతికి రబ్బరుపట్టీ ఇంకాస్త బిగించి కట్టాను.

"నొప్పమ్మా..."

"కొత్త పెళ్లికూతుర్ని కదండీ, చెయ్యి తిరగలేదు" అన్నాను. నరం ముందే దొరికింది. అయినా తీరిగ్గా వెతుకుతూనే ఉన్నాను.