అడిగితేనే చెప్పే అడ్వాన్సు

1981 చలికాలంలో, ల్యాబ్‌లో జరిగిన ప్రమాదంలో కృష్ణమోహన్ గారి చూపు పోయింది. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో మా పై అంతస్తులోనే ఉండేవారు. ఆయన భార్య సుమతి అక్కడికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. డ్రైవింగ్ రాదు. ఇంగ్లీషు చదవగలదు గాని, మాట్లాడాలంటే తడుముకునేది.

చూపులేనివారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టారు. మంజూరు కావడానికి నెలలు పడుతుందన్నారు. ఈలోగా ఇల్లు గడవడం కష్టమైంది. అక్కడి తెలుగువాళ్ళకు పెద్దదిక్కుగా ఉండే డాక్టర్ వాసుదేవరావు గారు మనవాళ్ళ దగ్గర చందాలు పోగుచేస్తానన్నారు. సుమతి ఆయనకు నమస్కారం పెట్టి, ముందు ఆ దరఖాస్తు పెట్టిన ఆఫీసులోనే అడిగి చూస్తానంది.

నా కారులో తీసుకెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఫైలు చూసి, ఉత్తరం వచ్చేదాకా ఆగమంది. సుమతి కదల్లేదు. ఉత్తరం వచ్చేలోపు మేమేం తినాలని, ఒక్కొక్క మాటా కూడదీసుకుని అడిగింది. ఆ అమ్మాయి లోపలికెళ్ళి సూపర్‌వైజర్‌ని పిలుచుకొచ్చింది. అర్హత ఉన్నట్టు కనిపించి, రోజు గడవని స్థితిలో ఉన్నవాళ్ళకు కొంత అడ్వాన్సు ఇవ్వొచ్చని ఆయన చెప్పాడు. తర్వాత వచ్చే సాయంలోంచి దాన్ని మినహాయించుకుంటారట. మొదటే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎవరూ అడగరన్నాడు.

చెక్కు ఆ వారంలోనే ఇస్తామన్నారు. నేను సంతోషంగా గుమ్మం దాకా వచ్చి చూస్తే వెనక సుమతి లేదు. బెంచీ మీద ఒకావిడ పక్కన కూర్చుని ఉంది; ఆవిడ పేరు మిసెస్ ఒర్టిజ్ అనీ, డయాలసిస్ మీద ఉందనీ తర్వాత తెలిసింది.

"మీరు పదండక్కా, వస్తాను. ఈవిడకీ ఆగమనే చెప్పారట," అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ కౌంటర్‌ దగ్గరికి నడిపించింది.

ఆ తర్వాత నా కారులోనే డ్రైవింగ్ నేర్చుకుంది. కృష్ణమోహన్ గారు వెనక సీట్లో కూర్చుని, మలుపు గట్టిగా తిప్పినప్పుడల్లా నవ్వేవారు. లైసెన్సు రాగానే ప్రతి వారం ఆఫీసుకు వెళ్ళి, బెంచీల మీద ఎదురుచూసేవాళ్ళకు అడ్వాన్సు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు సూపర్‌వైజర్ పిలిచి అభ్యంతరం చెప్పాడు.

"నేను తప్పు చెబుతుంటే చూపించండి సార్, మానేస్తాను," అంది సుమతి.

ఆయన నిబంధనల పుస్తకం తెరిచి చూశాడు. చూపించడానికి తప్పేమీ దొరకలేదు. మరుసటి ఏడాది ఆమెకు అక్కడే చిన్న ఉద్యోగం ఇచ్చారు.

మొదటి రోజు చూద్దామని వెళ్ళాను. పని పోయి, నడుము విరిగి, కర్ర ఊతంతో ఒక పెద్దాయన వచ్చాడు. జేబులో కాగితాల కోసం తడుముకుంటున్నాడు. సుమతి లేచి ఆయనకు కుర్చీ జరిపింది.

"కాగితాలు తర్వాత చూద్దాం. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?" అని అడిగింది.