లూకాగారి కూత

దేవకృపకు రైలంటే పడదు. సికింద్రాబాదులో పుట్టి పెరిగినా ఊరెళ్ళాలంటే బస్సే ఎక్కేది. ఆమె చిన్నతనంలో, తండ్రి లూకా నడుపుతున్న ఇంజను వానకు కొట్టుకుపోయిన వంతెన దగ్గర వాగులో పడింది. వెనక పెట్టెలు గట్టునే ఆగిపోయాయి. లూకా మాత్రం దొరకలేదు. మనిషిని కళ్ళారా చూడనిదే సమాధి కట్టనని తల్లి రోసమ్మ భీష్మించుకుంది. పాదిరిగారి మాట కూడా వినలేదు.

అలాంటిది, తోటి టీచరు జ్ఞానమణి పోరు పడలేక, ఆ ఆదివారం గుడి నుంచి నేరుగా పాత కట్టడాల సంఘం వాళ్ళతో బయల్దేరింది. మౌలాలి అవతల, వాడకం ఆగిపోయిన పాత సైడింగు పట్టా మీద సంఘం వాళ్ళు ఒక బొగ్గు ఇంజనును బాగుచేయించి, నెలకోసారి రెండు పెట్టెలు తగిలించి కాస్త దూరం నడిపిస్తున్నారు.

బండి కదిలిన కాసేపటికి ఇంజను కూసింది. ఒక పొడుగు కూత. ఆగి, గొంతు పట్టేసినట్టు రెండు పొట్టివి.

దేవకృప కిటికీ ఊచ పట్టుకుని లేచి నిలబడింది. రైల్వే క్వార్టర్ల వెనక నుంచి వెళ్తూ నాన్న ఇంటికి పెట్టే కూత అది. వినగానే అమ్మ ఎసరు పెట్టేది.

పట్టా చివర బండి ఆగింది. అందరూ ఫోటోల హడావిడిలో ఉంటే ఆమె ఇంజను దగ్గరికి నడిచింది. ముసలి డ్రైవరు చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఆ కూత మీకెవరు నేర్పారండీ?"

అతను ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. "నువ్వు లూకా సాబ్ బిడ్డవా అమ్మా? నేను పర్వతాలును. ఆ దినం వాగుల పడ్డ ఇంజన్ ఇదే. దీంట్ల సాబ్ తోని నేనే ఫైర్‌మన్."

ఆమె అవునన్నట్టు తలూపింది.

"కూత నేను పెట్టలేదమ్మా. నా రెండు చేతులు బొగ్గు పార మీదనే ఉండె. ఆ కూత తాడు దానంతటదే గుంజుకుంటది. సాబ్ ఈడనే ఉన్నడు. గందుకే, రిటైరైనంక సుత వీళ్ళు పిలుస్తే వచ్చిన."

"భయం వేయదా?"

"మొదట్ల వేసేది. ఇప్పుడు కూత రాకుంటేనే పరేషాన్ అయితది."

"చివర్లో నాన్నగారు ఏమన్నారు?"

"దూకురా అన్నడు. నేను దూకలే. ఆయనే నూకిండు. ఎనక డబ్బాలల్ల జనం ఉండిరి, బ్రేకు ఇడవలే."

తిట్లు తప్పవనుకుంటూనే ఆమె ఇంట్లో అమ్మకు ఈ సంగతి చెప్పింది. రోసమ్మ తింటున్న అన్నం మీంచి చెయ్యి తీసేసింది. "రేపు నన్ను తీసుకెళ్ళు" అంది.

మర్నాడు ఇంజనులో నిప్పు లేదు; రోజూలాగే పర్వతాలు దాని దగ్గరే ఉన్నాడు. ఇనుమంతా చల్లగా ఉంది. దేవకృపా పర్వతాలూ చెరో పక్క పట్టుకుని ముసలామెను పైకెక్కించారు. "మీరు కిందే ఉండండి" అందామె.

ఇద్దరూ పట్టాల పక్కన నిలబడ్డారు. లోపల రోసమ్మ సన్నగా మాట్లాడుతోంది. మధ్యమధ్య ఆగుతోంది, ఎదుటివాళ్ళు చెప్పేది వింటున్నట్టు. ఒకసారి గదమాయించింది. తర్వాత నవ్వింది. చిన్నతనం దాటాక దేవకృప అమ్మ నోట ఆ నవ్వు విని ఎరగదు. పర్వతాలు తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పైకెక్కి చూసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

ఎండ వాలుతుండగా రోసమ్మ దిగింది.

"ఏమన్నారమ్మా?" అంది దేవకృప.

"మొగుడూ పెళ్ళాల మాటలు నీకెందుకే" అని, ఆమె పర్వతాలు వైపు తిరిగింది. "నువ్వింక ఈ ఇంజనుకు కాపలా ఉండక్కర్లేదు నాయనా. ఇంటికెళ్ళి సుఖంగా ఉండు. ఆయన నాతో వచ్చేస్తున్నారు."

పర్వతాలు రెండు చేతులూ జోడించాడు. ఆమెకు కాదు, ఆమె భుజం పక్కన ఉన్న ఖాళీకి.

ఆటోలో రోసమ్మ ఒక అంచుకు ఒదిగి కూర్చుంది. కూతురిని రెండో అంచున కూర్చోమంది.  మెట్టుగూడ దాటాక గతుకులో ఆటో ఎగిరితే, ఆసరాకు దేవకృప మధ్యనున్న సీటు మీద చెయ్యి వేసింది. రెక్సిను కొలిమి పక్కన పెట్టినట్టు వేడిగా ఉంది.

ఇల్లు చేరేదాకా ఆమె ఆ చెయ్యి తీయలేదు.