విరోత్ గిన్నెలో పంచదార

విరోత్ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడని, అతని భార్య లమ్దువాన్ రెండు బస్సులు మారి, భోజనాల వేళకు అతని ఆఫీసుకు చేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ నవ్వుతూ, "సారు చబా మేడంతో వెనక సందులోకి నూడుల్స్ తినడానికెళ్ళారమ్మా. రోజూ అక్కడికేగా!" అన్నాడు.

రోజూ అట! లమ్దువాన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ చబా ఎవరన్నది తర్వాత, ముందు నూడుల్స్ సంగతి తేలాలి. ఈ పెద్దమనిషి పెళ్ళయిన దగ్గర్నుంచీ, "నీ చేతి నూడుల్స్ తిన్నాక బయటివి గొంతు దిగవే" అంటూ వస్తున్నాడు. ఆ మాటను ఆమె వీధి వీధంతా చెప్పుకుంది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

ఆమె నాన్న కాలవలో పడవ మీద నూడుల్స్ అమ్మి పిల్లల్ని పెంచినవాడు. బ్యాంకాక్‌లో ఏ కొట్టుకెళ్ళినా బల్ల మీద కారం, పంచదార, చేప సాస్, మిరపకాయల వెనిగర్ ఉంటాయి. ఎవరి రుచికి వాళ్ళు కలుపుకుంటారు. ఆయన పడవలో మాత్రం ఆ నాలుగు గిన్నెలూ ఉండేవి కావు. "నా సూప్‌లో పంచదార వేసుకున్నవాడు నన్ను తిట్టినట్టే" అనేవాడు. పిల్లనడగడానికి వచ్చిన రోజు విరోత్ కిమ్మనకుండా పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. ముసలాయన అక్కడికక్కడే సరే అనేశాడు. తర్వాత లమ్దువాన్ వంటింట్లోకీ ఆ గిన్నెలు రాలేదు, విరోత్ అడిగిన పాపాన పోలేదు.

రేకుల కప్పు కింద కొట్టు కిటకిటలాడుతోంది. మెడలో వేలాడే ఆఫీసు కార్డులు సూప్‌లో మునగకుండా వీపు మీదకు తిప్పుకుని, అందరూ గిన్నెల మీదకు వంగి ఉన్నారు. మూలబల్ల దగ్గర విరోత్, ఎదురుగా బొద్దుగా ఉన్న ఒకావిడ. వయసు తన ఈడే. అందగత్తె అయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక వంక దొరికేది.

ఆవిడ విరోత్ గిన్నె తన వైపు లాక్కుంది. కారం వేసింది, పంచదార వేసింది, వెనిగర్ పోసింది. ఎంతని అడగలేదు. అతను వద్దనలేదు, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని తీరిగ్గా చూసుకుంటున్నాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని కనిపించినా లమ్దువాన్ కడుపు ఇంతగా రగిలేది కాదు.

"ఇదిగో, నీ కళ్ళజోడు" అని బల్ల మీద పెట్టి, పక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

నూడుల్స్ విరోత్ నోట్లోనే ఉండిపోయాయి. "నువ్వా! ఇక్కడికెలా..."

"బయటివి గొంతు దిగవుగా పాపం, నీళ్ళు తాగిద్దామని వచ్చా."

చబా గబుక్కున చేతులు జోడించింది. "బాగున్నారా అక్కా! విరోత్ అన్న ఎప్పుడూ మీ గురించే. నాన్నగారి పడవ సూప్ అచ్చు అలాగే దించుతారటగా? అందులో ఇంకేం కలిపినా మీకు కోపమటగా?"

"ఇంకా ఏమేం చెప్పాడో!" అంది లమ్దువాన్.

అన్న అట. పెళ్ళికి ముందు లమ్దువాన్ కూడా అతణ్ణి అన్నా అనే పిలిచేది, ఈ ఊళ్ళో ఆడవాళ్ళు మనసిచ్చినవాణ్ణయినా అలాగే పిలుస్తారు. కాబట్టి ఆ పిలుపు వల్ల ఆమెకు పిసరంత ఊరట కూడా కలగలేదు.

చిన్న గిన్నెలు కదా, ఒకటి తింటే ఎవరికీ ఆనదు. కొట్టు పిన్ని ఇంకో వాయి తెచ్చి పెట్టింది. చబా చెయ్యి అలవాటుగా విరోత్ గిన్నె వైపు వెళ్ళింది. లమ్దువాన్ ఆ గిన్నెను చటుక్కున లాగేసుకుంది.

"నేనున్నాగా, నేను కలుపుతా."

కారం వేసింది. వెనిగర్ పోసింది. పంచదార గిన్నె మూత తీశాక చెయ్యి ఆగింది. నాన్న కళ్ళ ముందు మెదిలాడు. అయినా చెంచా ముంచింది.

"ఎన్ని చెంచాలు?" అని మొగుణ్ణి అడిగింది.

ఆ మాట ఆమె అతణ్ణి అడగడం అదే మొదటిసారి. విరోత్ మామగారి ముందు కూర్చున్నట్టు బిగుసుకుపోయాడు.

"రెండక్కా" అంది చబా. అనేసి నాలిక కరుచుకుంది.

లమ్దువాన్ రెండే వేసింది. కలిపి అతని ముందుకు తోసింది. విరోత్ తలెత్తకుండా తిన్నాడు. ఆఖర్న గిన్నె ఎత్తి, అడుగున ఉన్న సూప్ కూడా చుక్క మిగల్చకుండా తాగేశాడు.

ఇంట్లో ప్రతి ఆదివారం ఆమె చేసే సూప్ అతని గిన్నెలో సగం మిగిలిపోయేది. కడుపు నిండి వదిలేశాడనుకుని, ఆమె సంతోషంగా పారబోసేది.