మట్టయ్య బొమ్మ

ఆదివారం ఆరాధన అయిపోయి పాస్టర్ గారు ఆశీర్వాదం చెప్పుడే ఆలస్యం, మేడ్చల్ స్టేషన్ ఎనకున్న ఆ చిన్న చర్చిల బెంచీలు జరుపుడు షురూ అయితది. కిటికీలకు నల్ల గుడ్డలు కడతరు. పాటల పుస్తకాలు తీసి అల్మారల పెడతరు. చర్చి చూసుకునే యేసయ్య తన పాత సినిమా మిషన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి తెల్ల గోడకు ఎదురుగ స్టూలు మీద పెడతడు. అప్పటికే బయట చెప్పులిడిసే కాడ జనం. చర్చికి రానోళ్లు సుత వస్తరు. ఊరవతల ప్లాట్లు అమ్మే జనార్ధన్ పటేల్ అంతటోడు కూడా వచ్చి మర్యాదగ కూసుంటడు. ఎందుకంటరా? మట్టయ్య బొమ్మ పడుతది మరి.

మట్టయ్యంటే మైనపు మట్టితోని చేసిన జానెడు మనిషి. బట్టతల మీద మూడెంటికలు. ముక్కు వంకాయంత. మీసం ఒక దిక్కు పైకి, ఒక దిక్కు కిందికి. మాటలు రావు, 'హుప్పు' అంటడు, 'హప్పు' అంటడు, గంతే. ఎనకట ఆ చర్చిల పాటలు నేర్పిన ముసలి టీచరమ్మ ఒకామె పోతూ పోతూ ఆ రీలు ఇచ్చి పోయిందట. కథేమన్న ఉన్నదా అంటే అదీ లేదు. పొయ్యి మీద పాలు పెట్టి కునుకు తీస్తడు, పాలు పొంగి ఇల్లంత పారుతయి, వాటి ఎంబడి ఉరుకుతడు. ఎవలో బొమ్మను నూలుపోగంత జరుపుకుంట, జరిపినప్పుడల్లా ఒక ఫోటో కొట్టుకుంట ఏండ్లకేండ్లు కూసోని చేసిండ్రని యేసయ్య చెప్తడు. నిజమే గావచ్చు. మట్టయ్య చెంపల మీద వాళ్ల బొటనవేలి ముద్రలు ఇప్పటికీ కనబడుతయి. ఆయన నడుస్తుంటే ఆ ముద్రలు చీమల్లెక్క మెదులుతయి, అది చూస్తేనే సగం నవ్వొస్తది. ఇగ దెబ్బలు తినుట్ల ఆయన్ని మించినోడు లేడు. రోడ్డు రోలరు కింద పడి చపాతి లెక్క అయితడు, అంచు పట్టుకొని తన్ను తానే నేల మీదికెళ్లి పీక్కుంటడు, దులుపుకుంటడు. దులుపుకొని మళ్లా ఆ రోలరు దిక్కే పోతడు. మళ్లా పోతడు చూడు, ఆడనే జనం పొట్టలు పట్టుకుంటరు.

పాల కథల రోలరు ఎందుకొచ్చిందని అడుగుతరు మీరు. అది బాలేష్ వారం. ముందు బెంచి మీద ఎవలు కూసుంటే ఆ వారం మట్టయ్యకు వాళ్ల భయమే చుట్టుకుంటది. బాలేష్‌కు బండి మీద పోతుంటే లారీ గుద్దుతదని భయముండె. ముందు బెంచి మీద కూసున్నడు, రోలరు కింద మట్టయ్య పడుడు చూసిండు, కిందపడి దొర్లి నవ్విండు. తర్వాత రింగురోడ్డు కాడ లారీ గుద్దనే గుద్దింది, గాని బండి అద్దమే పలిగింది, ఈనికి గీత పడలే. గట్ల ఎంతమందికి అయిందో. పరీక్షలోళ్లు, ఆపరేషన్లోళ్లు, పోలీసు కేసులోళ్లు, అందరూ వస్తరు. ఒక తెలివిగల్లాయన సినిమాను ఫోన్ల ఎక్కించుకపోయిండు, ఇంట్ల కూసోని నవ్వుదామని. ఫోన్ల మట్టయ్య పాలెంబడే ఉరికిండు.

ఒక్కటే షరతు. భయపడ్డోళ్లు నవ్వాలె, కడుపులకెళ్లి నవ్వాలె. నర్సయ్య తమ్ముడు టిప్పర్ నడిపేటోడు. నర్సయ్య ముందు బెంచి మీద కూసోని నవ్వు రాక, నలుగురి ముంగట పరువు పోతదని, నోటితోని నవ్విండు. శామీర్‌పేట మలుపు కాడ బోర్లా పడ్డ ఆ టిప్పర్‌ను ఊరంత పోయి చూసొచ్చింది. అప్పటిసంది నర్సయ్య ప్రతివారం వస్తడు, ఆఖరు బెంచి మీద కూసుంటడు, ఎవ్వలతోని మాట్లాడడు.

యేసయ్య కోడలు రోజీ. ఆమెకున్న భయం ఒక్కటే, పెనిమిటి శాంసన్.

శాంసన్ మేడ్చల్ అవతల మందుల ఫ్యాక్టరీల రియాక్టర్ కాడ పనిచేస్తడు. రియాక్టర్ అంటే మందులు ఉడికే ఇంత పెద్ద ఇనుప గాబు. దాని వాసన అంగీలకు పట్టి ఎంత ఉతికినా పోదు, అందుకే రోజీ ఆ నీలం అంగీలు ఏరే బకెట్ల నానబెడతది. ఒకనాడు అన్నం తింటుంటే శాంసన్ నోరు జారిండు.

"ముల్లు ఎర్రగీత దాటుతాందే. సార్‌కు చెప్తే అద్దం మీద గోరుతోని కొట్టి, మీటర్ ఖరాబైంది, గాబు మంచిగనే ఉన్నదంటడు."

"మరెట్ల?"

"ఎట్లేంది? పోకపోతే నా జాగల నిలబడెటోళ్లు గేటు కాడ పదిమంది ఉన్నరు. నువ్వు పరేషాన్ గాకు. ఇంత పచ్చిపులుసు పొయ్యి."

రోజీ పచ్చిపులుసు పోసింది. ఆనాటిసంది ఆమెకు నిద్ర లేదు. గిన్నె కిందపడితే గుండె జారుతది. పక్కింట్ల కుక్కర్ కూతేస్తే వాకిట్లకు ఉరుకుతది. గాని ఒక్కనాడన్నా మొగనితోని పోకు అనలే. అంటే ఆయన చెయ్యి వణుకుతదని, వణికిన చేత్తోని ఏ చక్రం ఎటు తిప్పుతడోనని ఆమె భయం. డబ్బ కట్టిచ్చి 'జల్ది రా' అంటది, ఆయన 'ఆఁ' అంటడు, గంతే వాళ్ల ముచ్చట.

ముందు బెంచి అడిగితే మామ యేసయ్య తప్పించుకుంట వచ్చిండు. "మన ఇంటోళ్లం ఆఖరుకు బిడ్డా, ఊరోళ్లవి కానీ" అనేటోడు. అసలు సంగతి ఏందంటే ఆయనకూ భయమే. గోడ మీద కనబడేది తన కొడుకాయె. ఆఖరికి అత్త సాయమ్మ గట్టిగ పట్టింది.

"ఊరందరి గండాలు తీసేటోనివి, నీ కడుపున పుట్టినోడు పరాయోడా? ఈ ఆదివారం రోజీ కూసుంటది. ఎవలడ్డమొస్తరో చూస్త."

ఆ ఆదివారం శాంసన్‌కు రెండో షిఫ్టు. రోజీ పొద్దుగాలనే డబ్బ కట్టి పొయ్యి పక్కన పెట్టి చర్చికి పోయింది. ఆరాధనల ఏం పాడిండ్రో, పాస్టర్ గారు ఏం చెప్పిండ్రో ఆమె చెవికెక్కలే. బెంచీలు జరిగినయ్. నల్ల గుడ్డలు కట్టిండ్రు. ముందు బెంచి మీద అత్తా కోడండ్లు కూసున్నరు. మిషన్ గిర్రుమన్నది.

గోడ మీద పాల గిన్నె లేదు, పొయ్యి లేదు. అట్టతోని చేసిన రేకుల షెడ్డు, అగ్గిపుల్లల గేటు. గేటు ముంగట మట్టయ్య, నీలం అంగీ తొడుక్కొని, చేతుల అన్నం డబ్బ పట్టుకొని నిలబడ్డడు. కాలరు కింద గుండీ తెల్ల దారంతోని కుట్టి ఉన్నది. అది రోజీ కుట్టిన గుండీ. నీలం దారం దొరకక తెల్ల దారంతోని కుట్టింది.

రోజీ బెంచి అంచుకు జరిగింది.

మట్టయ్య టోపీ పెట్టుకుంటే అది ముక్కు దాకా జారింది. జనం నవ్విండ్రు. నూనె మీద కాలేసి షెడ్డు ఈ కొసకెళ్లి ఆ కొస దాకా జారిండు. జనార్ధన్ పటేల్ తొడ చరుచుకున్నడు. గాబు మీద ముల్లు ఎర్రగీత దాటుతాంది. మట్టయ్య రెండు చేతుల్తోని దాన్ని ఎనకకు గుంజిండు, ముల్లు సాగి, సాగి, ఇడిసిపెట్టింది. హప్పు! మట్టయ్య ఎగిరి గేటవతల పడ్డడు. తలుపు సందుల నిలబడి చూస్తున్న పాస్టర్ గారు సుత నోట్ల రుమాలు కుక్కుకున్నరు. చర్చి చర్చంత నవ్వుతాంది, రోజీ ఒక్కతి నవ్వుతలేదు. శాంసన్ బయలెల్లిండా? గేటు కాడికి చేరిండా? ఆమె తలకాయ నిండ అదే.

మట్టయ్య లేచిండు. దులుపుకున్నడు. డబ్బ అందుకున్నడు. మళ్లా షెడ్డు దిక్కు అడుగేసిండు.

నవ్వాల్సింది ఆడనే.

"నవ్వే" అని సాయమ్మ గుసగుసగ అన్నది. "నవ్వు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, ఒక్కసారి నవ్వు. నా కొడుకే."

రోజీ నోరు తెరిచింది. ఏదో ఒక తీరుగ నవ్వు లెక్క ఉండే సప్పుడు చేద్దామనుకున్నది. గప్పుడు ఆఖరు బెంచికెళ్లి నర్సయ్య లేచి అరిచిండు. ఎన్నొద్దులకో విన్నరు ఆ గొంతు.

"నోటితోని నవ్వకమ్మా! నా తీరుగ జేయకు! నీకు దండం పెడత!"

నవ్వులన్నీ ఆగిపోయినయ్. మట్టయ్య ఇంకో అడుగేసిండు. గేటు దాటిండు. గాబుకు పగుళ్లు వస్తున్నయ్, పగుళ్లల్ల ఎర్రగ ఎలుగుతాంది.

రోజీ లేచింది. అత్త కొంగు పట్టుకుంటే ఇడిపించుకున్నది. పోయి గోడ ముంగట నిలబడ్డది. ఆమె నీడ షెడ్డు మీద పడ్డది గాని మట్టయ్య మీద పడలే. జానెడు మనిషి ఆమె గదుమ ఎత్తుల ఉన్నడు.

"పోకయ్యా" అన్నది.

మట్టయ్య ఆగిండు.

"నాకు భయమైతాందయ్యా. ఇన్నొద్దులు చెప్పలే. పొద్దున లేచి డబ్బ కట్టిచ్చి జల్ది రా అన్న గాని, పోకు అనలే. అంటే నువ్వు భయపడతవని నా భయం. ఇయ్యాల అంటున్న. నౌకరి పోతే పోనీ. లోపలికి పోకు."

రీలు ఇరుక్కున్నదేమోనని యేసయ్య వంగి చూసిండు. రీలు తిరుగుతనే ఉన్నది. మట్టయ్య తలకాయ ఇంత, ఇంత, ఇంత జరుగుకుంట రోజీ దిక్కు తిరిగింది. నాలుగు మెతుకులంత కండ్లతోని ఆమెను చూసిండు. గాబును చూసిండు. డబ్బ నేల మీద పెట్టిండు. టోపీ తీసి డబ్బ మీద పెట్టిండు. ఎనకకు తిరిగి గేటు దాటి, గోడ ఆ అంచు దాకా నడిచి, అంచు కూడా దాటి పోయిండు.

ఇగ గోడ మీద ఎవ్వలు లేరు.

"గిట్లెన్నడు కాలే" అని యేసయ్య రీలు మొదటికెళ్లి తిప్పిండు. గోడ మీద పాలు పెట్టి ఉన్నయ్. పాలు పొంగినయ్, పొయ్యి మీదికెళ్లి నేల మీదికి, నేల మీదికెళ్లి గడప మీదికి కారినయ్. ఎంబడి ఉరికెటోడు లేడు. చూస్తున్న పసిపిల్లొకటి బెదిరి ఏడుపందుకున్నది.

"ఏం జేసినవమ్మా!" అని జనార్ధన్ పటేల్ లేచిండు. "వచ్చేవారం నా వంతు! కోర్టు కేసున్నది నాకు! ఇప్పుడు నా భయం ఎవలు పడాలె?"

తలా ఒక భయం మోసుకొని వచ్చినోళ్లు, దాన్ని అట్లనే మోసుకొని, రోజీ ముఖం చూడకుంట చెప్పులేసుకొని పోయిండ్రు.

రోజీ ఇంటికి ఉరికింది. పొయ్యి పక్కన డబ్బ లేదు. బండి లేదు. ఫోన్ చేస్తే బంద్. గేటు కాడ ఫోన్లు గుంజుకుంటరు, ఆ సంగతి ఆమెకు ఎరుకనే, అయినా చేసింది, మళ్లా చేసింది. నవ్వకపోతిని అనుకున్నది. దొంగ నవ్వు నవ్వితేనే గట్లయింది, అసలే నవ్వకుంట నడుమ లేస్తే ఏమైతది? ఆ బొమ్మతోని చెప్పింది పొద్దున మొగనితోని చెప్పరాకపోయెనా? గడప మీద కూలబడ్డది. అత్తమామలు వచ్చి చెరో దిక్కు కూసున్నరు. ముగ్గురూ రోడ్డు దిక్కే చూస్తున్నరు.

బండి సప్పుడయింది. కబురు చెప్పనీకి ఎవలో వచ్చిండ్రని రోజీ కండ్లు మూసుకున్నది.

"ఏందే, గట్ల కూసున్నరు ముగ్గురు?"

శాంసన్ గొంతు. ఆమె కండ్లు తెరిచింది. నెత్తిన టోపీ లేదు, చేతుల డబ్బ లేదు.

"షిఫ్టుకు పోలేదారా?" అని సాయమ్మ అడిగింది.

"పోయిన అమ్మా. గేటు లోపటికి సుత పోయిన. ఏమైందో తెల్వదు, కాళ్లు తిరిగినయ్. నేను తిప్పలే. ఎవలో పట్టుకొని ఇంతింత తిప్పినట్టు, అవే తిరిగినయ్." చెప్పుకుంటనే అరుగు మీద కూసున్నడు. "నా ఎనకోడు ఏందన్నా అన్నడు. ముల్లు ఎర్రగీత దాటిందిరా, నాకు భయమైతాంది అన్న. ఏండ్ల సంది పనిచేస్తున్నం, ఆ మాట ఎవ్వలం అనుకోలే. ఆడు సుత తిరిగిండు. ఆని ఎనకోడు తిరిగిండు. మమ్ముల చూసి మొదటి షిఫ్టోళ్లు ఆవిరి బంజేసి బయటికొచ్చిండ్రు. సార్ ఒకటే తిట్లు. తిట్టుకుంట తిట్టుకుంట, లోపల ఒక్కడుండనీకి భయమై ఆయన సుత రోడ్డు మీదికొచ్చిండు. నౌకరి పోయినట్టే నాయినా."

యేసయ్య ఏదో అనబోయిండు.

గప్పుడయింది. ముందుగాల కాళ్ల కింద భూమి అదిరింది, ఎనకనే సప్పుడొచ్చింది. అర్రల అర మీది స్టీలు గిన్నెలన్నీ జలజల రాలినయ్. వాడ కుక్కలన్నీ ఒక్కసారి మొరిగినయ్. ఇండ్ల మీదికెళ్లి, రైలు పట్టాలవతల, నల్లటి పొగ లేస్తాంది. శాంసన్ లేచి నిలబడి ఆ పొగను చూసుకుంట, "ఎవ్వలు లేరు" అన్నడు. "లోపల ఎవ్వలు లేరు. ఒక్కడు లేడు" అని మళ్లా మళ్లా అదే మాట అన్నడు.

రోజీకి కడుపులకెళ్లి ఏదో పైకొచ్చింది. ఏడుపనుకున్నది. నోరు తెరిస్తే నవ్వొచ్చింది. పెద్దగ, పక్కింటోళ్లు బయటికొచ్చేటంత పెద్దగ. మొగని అంగీ రెండు చేతుల్తోని పట్టుకొని, కండ్లల్ల నీళ్లు కారంగ, ఊపిరాడక వంగిపోయి నవ్వుతాంది.

పేలుడుకు అదరని శాంసన్ దానికి అదిరిండు.

"ఏమైందే? ఏందే ఆ నవ్వు? రోజీ! అమ్మా, జర నీళ్లు తే, దీన్ని ఆపు!"

సాయమ్మ వచ్చి కొడుకు చెయ్యి పట్టుకున్నది.

"ఆపకు బిడ్డా" అన్నది. "నవ్వనీ."