రెండు కొసల ముద్ర

వెంకటనర్సు సావుకారికి చౌటుప్పల్‌లో చీరల దుకాణాలు, హైవే పక్కన ప్లాట్లు, సొంతూళ్లో సగం మగ్గాలు ఉన్నాయి. లేనిదల్లా పేరు ముందు సర్పంచ్ అనే మాట. దేవుడు అన్నీ ఇచ్చి అదొక్కటే దాచుకున్నాడని ఆయనకు కడుపుమంట.

ఈసారి సీటు జనరల్‌కు వచ్చింది. ఏకగ్రీవం చేసుకుందామని ఊరికి దావత్ ఇచ్చాడు. తిన్నవాళ్లంతా తలూపారు. బడిలో వంట చేసే సాలమ్మ మాత్రం దావత్‌కూ రాలేదు, నామినేషన్ వెనక్కీ తీసుకోలేదు. తన వాడకట్టుకు నల్లా లేదన్నదొక్కటే ఆమె గొడవ.

ఆమె ఇల్లిల్లూ తిరుగుతుంటే సావుకారి దుకాణంలో కూర్చుని చీరలకు ముద్రలు వేసుకున్నాడు. ఆ పని ఇంకొకరి చేతికివ్వడు. ఎటువైపు ఎవరు కత్తిరించినా తెలిసిపోవాలని ఈ కొసకొకటి, ఆ కొసకొకటి పడాల్సిందే. నిద్రలో లేపినా ఆ చెయ్యి రెండు ముద్రలు కొట్టి గానీ ఆగదు.

పోలింగ్ అయిన మధ్యాహ్నమే బడి గదిలో లెక్కింపు. సాలమ్మ ఒకే ఒక్క ఓటుతో గెలిచింది. చెల్లని ఓటు కూడా ఒక్కటే. అధికారి దాన్ని ఎత్తి చూపించాడు. పైన ఉంగరం గుర్తు మీదొక ముద్ర, కింద కత్తెర మీదొకటి. రెండూ అంచుకు సమానంగా, వంకర లేకుండా, పట్టుచీరకు కొట్టినంత పొందిగ్గా ఉన్నాయి.

సావుకారి చూడగానే పోల్చుకున్నాడు. ఉంగరం తన గుర్తు, కత్తెర సాలమ్మది, పనితనం మాత్రం ముమ్మాటికీ తనదే.

మళ్లీ లెక్కించమంటారా అని అధికారి అడిగాడు. లెక్కిస్తే ఆ కాగితం మళ్లీ బయటికొస్తుంది. ఈసారి అందరూ దగ్గరగా చూస్తారు. ఆ ముద్రల తీరు గుర్తుపట్టని నేతగాడు ఊళ్లో లేడు. తేలుకుట్టిన దొంగ పరిస్థితి ఆయనది.

"వద్దు సార్. జనం చెప్పిందే మాట," అన్నాడు. అది పెద్దమనసనుకున్నారు అందరూ.

విలేకరి కృష్ణకాంత్ అయితే కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు పేపర్లో సావుకారి ఫోటో, పైన 'ప్రజాస్వామ్యానికి నిలువెత్తు ప్రతీక' అని పెద్దక్షరాలు. నకిరేకల్, కట్టంగూర్‌లలో సన్మానాలు చేశారు. కాలేజీ పిల్లలకు ఓటు విలువ చెప్పమని పిలిస్తే వెళ్లాడు. ముద్ర ఒక్కచోటే వెయ్యాలని ఆయన అంత బాధగా ఎందుకు చెప్పాడో పిల్లలకు అర్థం కాలేదు.

జనవరి ఇరవై ఆరున పంచాయతీ ముందు జెండా ఎగరేసి, సర్పంచ్ సాలమ్మ ఆయనకు శాలువా కప్పింది. ఆయన దుకాణం సరుకే. కొసలు సర్దుతూ, ఈ కొసన ఒక ముద్ర మీద, ఆ కొసన ఒక ముద్ర మీద వేలు పెట్టి, ఆయనకు మాత్రమే వినబడేటట్టు అంది:

"సగం ఓటు నాకు గూడ ఏసినవ్ గద సావుకారీ. నేను మర్వ. మా వాడకట్టు అయినంక నల్లా నీ మగ్గాలకాడికే."

సావుకారి తలవంచి రెండు చేతులూ జోడించాడు. కృష్ణకాంత్ ఫోటో తీసుకుని, అది ఆయన వినయమని రాశాడు.