కర్టెన్లక్క వెనక కుర్చీ

షోరూమ్ తలుపులు తెరవకముందే కర్టెన్లక్క నిలబడుతుంది. తెరిచాక నిలబడే ఉంటుంది. మూసే వేళకి గాజు తలుపు మీద వేలిముద్రలు తుడిచి, బస్సులోనూ నిలబడే ఇంటికి పోతుంది. ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, రెండో అంతస్తులో కర్టెన్ గుడ్డలు అమ్మీ అమ్మీ అదెవరికీ గుర్తు లేకుండా పోయింది. ఎదురు కౌంటర్లో దుప్పట్లు అమ్మే ఆవిడ దుప్పట్ల వదిన. కస్టమర్లు లేనప్పుడు పెదాలు కదపకుండా కబుర్లు చెప్పుకునే విద్య వీళ్ళిద్దరికీ బాగా పట్టుబడింది.

అమ్మేవాళ్ళు కూర్చోకూడదని అక్కడ రూలు. కస్టమర్లకి మెత్తటి సోఫాలున్నాయి. మేనేజరుకి గుండ్రంగా తిరిగే సీటుంది. అద్దాల వెనక కోట్లు తొడిగి పెట్టిన ప్లాస్టిక్ బొమ్మల్లో ఒకటి ఎంచక్కా కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది.

"జన్మంటే దానిదే అక్కా," అంటుంది దుప్పట్ల వదిన.

కర్టెన్లక్క పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బి ఉంటాయి. పొద్దున్నే కూతురు లేవకముందే వాటికి గట్టి పట్టీ చుట్టేసుకుంటుంది. కూతురు పదో తరగతి. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది కాబట్టి పిట్ట అని పిలవడం మొదలుపెట్టారు, ఇప్పుడు తల్లికంటే జానెడు పొడుగైనా పిట్టే. తండ్రి పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది షోరూమ్ జీతం మీదే. అందుకే ఆ పట్టీ సంగతి పిట్టకి తెలియకూడదని తల్లి పట్టుదల. తెలిస్తే చదువు మానేసి ఏదో పనిలో చేరతానంటుంది. దానికి అలాంటి తిక్క ఉంది.

ఆ ఊరి బడికీ, చుట్టుపక్కల పనిచోట్లకీ మధ్య ఒప్పందాలున్నాయి. పదో తరగతి పిల్లలు కొన్ని వారాలు బడి మానేసి, ఎవరికి పడిన చోట వాళ్ళు పని నేర్చుకోవాలి. ఇదంతా కుదిర్చేది ఒక మాస్టారు. ఆయన్ని పిల్లలూ పెద్దలూ అందరూ ఒప్పందాల మాస్టారనే అంటారు, ఆయనకీ ఆ పేరంటే కాస్త గర్వమే. ఆసుపత్రి ల్యాబులో ఇద్దరికి చోటుంది, ప్రెస్సులో నలుగురికి. షోరూమ్ ఒక్కటే ముప్పై మందిని తీసుకుంటుంది. గుడ్డలు మడతపెట్టడం, నవ్వడం, నిలబడడం నేర్పుతుంది. మాస్టారికి అందుకే ఆ షోరూమంటే భయమూ భక్తీను.

పిట్టకి తెల్ల కోటు వేసుకునే చోటు రావాలని తల్లి కోరిక. షోరూమ్ మాత్రం రాకూడదని అంతకంటే పెద్ద కోరిక. చివరికి పడింది కుర్చీల కార్ఖానా.

"పోనీలే. కూర్చునేవి చేస్తావు," అంది తల్లి.

కుర్చీల కార్ఖానా సంగతి అందరికీ తెలిసిందే. సరుకు చేరవెయ్యడానికి అక్కడ బండి లేదు, అవసరమూ లేదు. పాలిష్ ఆరగానే కుర్చీ తన చోటు వెతుక్కుంటూ తానే నడిచిపోతుంది. రోడ్డు దాటుతుంటే ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెట్టి బళ్ళాపుతాడు. ఎక్కడ, ఎవరి వెనక పోయి నిలబడితే అది వాళ్ళది. వాళ్ళు ఒక్కసారి కూర్చున్నారా, ఇక అక్కడే పాతుకుపోతుంది, పదిమంది పట్టినా కదలదు. ఇళ్ళు మారేవాళ్ళు కుర్చీల్ని వదిలేసి పోయేది అందుకే. వద్దనుకుంటే కూర్చోకముందే వద్దనుకోవాలి. అప్పుడు కూడా, ఏ చేత్తో చేశారో ఆ చేత్తోనే కింది అడ్డకర్రకున్న చెక్క మేకు ఊడగొట్టి విప్పెయ్యాలి. ఇంకెవరు కొట్టినా ఊడదు.

ఒకరోజు కర్టెన్లక్క ఎవరికో నీలం గుడ్డ కొలిచి చూపిస్తుండగా మెట్ల మీద టకటకమని చప్పుడైంది. కొత్త కుర్చీ ఒకటి పైకొచ్చింది. సీటు కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంది, వీపు మీద బడి ముద్ర ఇంకా తడి ఆరినట్టు లేదు. కస్టమర్లు జరిగి దారిచ్చారు. అది సోఫాల పక్కనుంచి, దుప్పట్ల పక్కనుంచి వచ్చి, కౌంటరు సందులో దూరి, కర్టెన్లక్క మోకాళ్ళ వెనక నిలబడింది.

ఆ వంకర చూడగానే ఇది తన కూతురి చేతిపనేనని తల్లికి తెలిసిపోయింది.

మేనేజరు వచ్చాడు. "ఇదేంటమ్మా?"

"కుర్చీ సార్."

"అది నాకూ కనపడుతోంది. నీ దగ్గరెందుకుంది?"

కుర్చీ నడిచొచ్చినందుకు ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. సరుకు అమ్మే మనిషి దగ్గరికి వచ్చిందే, అదీ వాళ్ళ ఆశ్చర్యం. ఆమె కౌంటరు ఈ చివరికి పోతే అదీ ఈ చివరికి, ఆ చివరికి పోతే అదీ ఆ చివరికి. ఒక పెద్దాయన కర్టెన్లు కొనడం మానేసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నీకోసమే కదా వచ్చింది, కూర్చోరాదూ తల్లీ," అన్నాడు.

"పరవాలేదండీ, అలవాటే," అంది కర్టెన్లక్క. ఆ అబద్ధం ఆమె నోటికి ఎంత అలవాటో చెప్పలేం.

సాయంత్రం మేనేజరు దాన్ని గోడౌన్లో వేయించి తాళం పెట్టించాడు. పొద్దున్న చూస్తే మళ్ళీ కౌంటరు వెనకే ఉంది. మర్నాడు ఊరి బయట పారేయించాడు. దుమ్ముకొట్టుకుని తిరిగొచ్చింది, కాళ్ళు తుడుచుకోకుండా మెట్లెక్కిందని స్వీపరు దాన్ని తిట్టింది కూడా.

ఇంట్లో తల్లి నిలదీసింది. "నన్ను తలుచుకుంటూ చేశావు కదూ?"

"ఒట్టమ్మా, లేదు. ఎవర్నీ తలుచుకోవద్దని మేస్త్రి ముందే చెప్పాడు. నేను లెక్కల పరీక్ష గురించి తలుచుకుంటూ చేశాను. అందుకే అలా ఒరిగింది."

తల్లికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి అన్నం వడ్డించింది.

ఆ వారంలోనే ఒప్పందాల మాస్టారు మార్కులు వెయ్యడానికి షోరూముకే రావాల్సి వచ్చింది. కుర్చీ ఎక్కడుంటే అక్కడే చూడాలి కదా. టేపు పట్టుకుని దాని వెంట కౌంటరు పొడవునా నాలుగుసార్లు తిరిగాడు పాపం. కొలత తీసేలోపు కర్టెన్లక్క పక్కకి జరిగేది, అదీ జరిగేది. ఆయన చెమట తుడుచుకుంటుంటే మేనేజరు గదిలోకి పిలిచాడు. బయటికొచ్చేసరికి మనిషి మొహంలో కళ లేదు.

మెట్ల దగ్గర కర్టెన్లక్కని ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు. "చూడండమ్మా, మీరు అందులో కూర్చున్నారంటే అది ఇక్కడే ఉండిపోతుంది. మీకుంటే మిగతావాళ్ళూ అడుగుతారని ఆయన భయం. శనివారంలోగా తీయించకపోతే మీ ఉద్యోగం పోయినట్టే, మా ఒప్పందం కూడా రద్దే. ముప్పై మంది పిల్లలమ్మా. నేను వాళ్ళనెక్కడ సర్దను?"

"నేనేమీ కూర్చోలేదు కదండీ మాస్టారూ."

"అదే నేనూ చెప్పాను. మీ అమ్మాయి చేత ఆ ఒక్క మేకూ ఊడగొట్టించండి. దాని మార్కులకేం ఢోకా లేకుండా నేను చూసుకుంటాను."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె కాళ్ళవైపు చూడకుండా మాట్లాడాడు, అంతే.

శనివారం షోరూమ్ తెరవకముందు తల్లీకూతుళ్ళు పైకొచ్చారు. పిట్ట చేతిలో కార్ఖానా కొయ్యసుత్తి ఉంది. కౌంటరు వెనకకి పోయి, మేకు కనపడాలని నేల మీద బోర్లా పడుకుంది. తల్లి గుడ్డల బీరువాకి ఆనుకుని నిలబడింది. ఆ రోజు తొందరలో పట్టీ సరిగ్గా చుట్టుకోలేదన్న సంగతే ఆమె మరిచిపోయింది.

సుత్తి చప్పుడు వినపడలేదు.

"ఏమే, కానియ్యి. వాళ్ళొచ్చేస్తారు."

"అమ్మా, నీ కాళ్ళేంటి ఇలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయీ? వయసొస్తే అందరివీ ఇంతే. నువ్వు కొట్టు."

పిట్ట లేచి కూర్చుంది. మొహం ఎర్రగా కందిపోయింది. "నేను కొట్టను."

"కొట్టకపోతే రేపట్నించి ఏం తింటాం? గాలి తింటామా?"

"ఏమైనా తిందాం. నేను కొట్టను పో."

"నీకు దణ్ణం పెడతానే తల్లీ, ఒక్క దెబ్బ!" అంటూ కర్టెన్లక్క సుత్తి అందుకోవడానికి వంగింది. తాను కొడితే ఊడదని తెలిసీ వంగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. మోకాళ్ళ వెనక ఏదో మెల్లగా తగిలింది. తనకి తెలియకుండానే బరువంతా దాని మీద వదిలేసింది.

అబ్బ! అనుకుంది. పైకి అన్నదో లేదో ఆమెకే తెలియదు. లేవాలి, వెంటనే లేవాలి అని గట్టిగానే అనుకుంది. పాదాల్లోంచి మంట ఒక్కటొక్కటే దిగిపోతుంటే, అది పూర్తిగా దిగాక లేద్దాంలే అనిపించింది. తల వెనక మడతపెట్టిన కర్టెన్ గుడ్డలు మెత్తగా ఉన్నాయి.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి పడే ఎండ దుప్పట్ల వైపు నుంచి కర్టెన్ల వైపుకి వచ్చేసింది. మధ్యాహ్నం దాటిపోయిందన్నమాట. ఒంటి మీద ఎవరో దుప్పటి కప్పారు, దాని చీటీ ఇంకా తియ్యలేదు. ఎదురుగా దుప్పట్ల వదిన పెదాలు కదపకుండా చెప్పింది.

"లేపలేకపోయాం అక్కా. గోడౌన్ వాళ్ళు నలుగురొచ్చి కుర్చీతో సహా ఎత్తుదామని చూశారు. ఒక్క అంగుళం కదిలితే ఒట్టు."

"పిట్టేదీ?"

వదిన కళ్ళతోనే చూపించింది.

కౌంటరు ఆ చివర ఎవరో అమ్మాయి వీపు ఇటు తిప్పి నిలబడి ఉంది. షోరూమ్ కోటు తొడుక్కుంది, చేతులు పొట్టిగా ఉన్నాయి. అది బీరువాకి తగిలించి ఉండే తన కోటే. "ఈ రంగు మీ గోడలకి బాగా నప్పుతుందండీ," అంటోంది ఎవరితోనో నవ్వుతూ. అంటూ ఎడమ కాలి మీద బరువేసింది. కాసేపాగి కుడి కాలి మీదకి మార్చింది. తర్వాత చెప్పు వదిలి, కాలి వేళ్ళతో రెండో పిక్క మెల్లగా రుద్దుకుంది, కౌంటరుకి అవతలున్నవాళ్ళకి కనపడకుండా.

అలా రుద్దుకోవడం పిట్టకి ఎవరూ నేర్పలేదు. నిలబడితే ఎవరికైనా అదే వస్తుంది. ఇన్నేళ్ళూ కర్టెన్లక్కకి లేని కోపం, తన కాళ్ళు చూసుకున్నప్పుడు రాని కోపం, ఇప్పుడు వచ్చింది.

మేనేజరు వచ్చాడు. కోపంగా లేడు, అందుకే ఇంకా భయం వేసింది.

"లేచావా అమ్మా? నువ్వేం కంగారు పడకు. పిల్ల పొద్దుట్నించి నీ బదులు నిలబడింది. హుషారైన పిల్ల. నేను మాస్టారితో మాట్లాడాను. మిగతా వారాలు ఇక్కడే చేస్తుంది, పరీక్షలయ్యాక నీ చోటు దానికే ఇచ్చేస్తాం. నువ్వు ఇంట్లో విశ్రాంతి తీసుకో. అందరికీ మంచిదే కదా?"

"నేను చేస్తానమ్మా," అంది పిట్ట ఇటు తిరిగి. "నాకేం నొప్పి లేదు. అలవాటైపోతుంది."

"నోర్ముయ్," అంది తల్లి.

ఆ అంతస్తంతా వినపడింది. నీలం గుడ్డ పట్టుకున్న కస్టమరు చెయ్యి అలాగే ఆగిపోయింది.

కర్టెన్లక్క లేచింది. కూతురి దగ్గరికి పోయి, కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పి, చిన్నప్పుడు బడినుంచి రాగానే విప్పినట్టు చేతుల్లోంచి లాగేసింది. తాను తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుంది. "కార్ఖానాకి పో. మేస్త్రి చూస్తుంటాడు," అంది. పిట్ట కదలకపోతే వీపు మీద ఒక్కటి చరిచింది.

మేనేజరు అన్నాడు, "ఆలోచించుకో అమ్మా. ఇంకో మాటు ఆ కుర్చీలో కూర్చున్నావంటే నేనేం చెయ్యలేను. ఓనరుగారికి ఫోన్ చెయ్యాల్సొస్తుంది."

"చెయ్యండి సార్. నా కూతురు ఇక్కడ నిలబడదని కూడా చెప్పండి."

ఆమె వెనక్కి నడిచింది. కుర్చీ ఆమెకి ఎదురు రాలేదు, అదింక ఎక్కడికీ రాదు. తానే దాని దగ్గరికి పోయి, ఒక చేత్తో కోటు సర్దుకుని, అందరూ చూస్తుండగా కూర్చుంది. కౌంటరు అంచు ఆమె గుండెల దాకా వచ్చింది.

"చెప్పండమ్మా," అంది కస్టమరుతో. "మీ కిటికీ వెడల్పెంత?"

కస్టమరు మేనేజరు వైపు చూసింది, ఆమె వైపు చూసింది, కొలత చెప్పింది. మేనేజరు ఫోన్ తీసుకుని మెట్ల వైపు పోయాడు. దుప్పట్ల వదిన ఈసారి పెదాలు కదిపే ఏదో అంది గానీ కర్టెన్లక్కకి వినపడలేదు. ఆమె గుడ్డ పరిచి, టేపు పెట్టి, కత్తెర తీసుకుంది. కత్తెర పట్టిన చెయ్యి స్థిరంగానే ఉంది. కాళ్ళు మాత్రం గడగడ వణుకుతున్నాయి. కూర్చుని ఉంది కదా, ఎవరికీ కనపడలేదు.