తెరవని అరచేతులు

సాయ్‌కాల్ లేచి నిలబడి క్షమాపణ చెప్పింది. మేం పలావు తిన్నాం. జరిగింది ఇంతే.

ఆ రోజు ఆదివారం. మా దేశ రాజధాని బిష్కెక్ చివర మా కుట్టు షెడ్డులో అషార్. మాలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే ఇరుగుపొరుగు వచ్చి కూలి తీసుకోకుండా గోడ లేపుతారు. పిలిచినవాళ్ళు కడుపునిండా పెడతారు. రేపు వచ్చినవాళ్ళ గోడ లేచేటప్పుడు పిలిచినవాళ్ళూ పోతారు. అదీ అషార్ అంటే. మా యజమాని తురాత్ ఆ పేరు పట్టుకుని ప్రతి ఆదివారం మా చేత ఊరికే కుట్టించుకునేవాడు. "మనమంతా ఒకింటి వాళ్ళం కదా అక్కా" అనేవాడు. వాకిట్లో పెద్ద కడాయి ఎక్కించేవాడు. మాంసం మాత్రం దండిగా వేయించేవాడు, ఆ మాట కాదనకూడదు.

సాయ్‌కాల్ ఎక్కడో దక్షిణాన బాత్కెన్ నుంచి వచ్చిన పిల్ల. మొగుడు రష్యా పోయి మళ్ళీ మాట లేదు. కూతుర్ని పెట్టుకుని షెడ్డు వెనక గదిలో ఉంటుంది. అంతకు ముందు ఆదివారం ఆ చంటిదానికి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయింది, అషార్‌కి రాలేదు.

"నువ్వు రాని రోజు నీ వాటా ఎవరు కుట్టారమ్మా? వీళ్ళే కదా" అన్నాడు తురాత్, అందరం అన్నం ముందు కూర్చున్నాక. గొంతు పెంచడు, ఎప్పుడూ పెంచడు. "నీకు సిగ్గనిపించలేదా? అడుగు, మీ అక్కల్ని క్షమించమని అడుగు."

ఆ పిల్ల అడిగింది. మేం "పర్లేదులే" అన్నాం. ఒక్కళ్ళం, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళం కూడా "దేనికి క్షమాపణ?" అనలేదు. తర్వాత మాలో పెద్దది బురుల్ అక్క అరచేతులు తెరిచి బాతా చెప్పింది. బాతా అంటే భోజనం చివర పెద్దవాళ్ళు ఇచ్చే దీవెన. అందరం చేతులు తెరిచి, ముఖం తుడుచుకుని "ఓమిన్" అన్నామంటే, అంటే తథాస్తు, ఆ భోజనం దగ్గర జరిగిన మాటలన్నిటికీ ఒప్పుకున్నట్టే. ఆ సంగతి మళ్ళీ ఎత్తితే సిగ్గు. సాయ్‌కాల్ కూడా చేతులు తెరిచింది.  నేను నా గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు గుమ్మానికి ఎదురుగా, గౌరవంగా పిలిచినవాళ్ళు కూర్చునే చోట ఒక కొత్త మనిషి కూర్చుని ఉంది. పేరు పెరిజాత్. సమాజశాస్త్రం చదివిందట. షెడ్డులో ఆడవాళ్ళు నిలవడం లేదు, ఎందుకు మానేస్తున్నారో కనుక్కుని బాగుచెయ్యమని తురాతే పిలిపించాడు. ఆవిడా తిన్నది. ఆవిడా చేతులు తెరిచింది.

మర్నాడు మమ్మల్ని ఇస్త్రీ గదిలో గుండ్రంగా కూర్చోబెట్టింది.

"ఏం చేస్తావు నువ్వు? మందిస్తావా?" అంది జూరా. జూరా నోటికి మా షెడ్డులో ఎదురు లేదు.

"మందు నా దగ్గర లేదు. మనుషులు కలిసి పనిచేసే చోట ఎక్కడో ముడి పడుతుంది. అదెక్కడ పడిందో మీతో కలిసి వెతుకుతాను. విప్పుకోవాల్సింది మీరు."

"జీతమిచ్చేది ఆయన, విప్పుకోవాల్సింది మేమా? బాగుందమ్మా నీ చదువు."

అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత అడిగింది, "ఈ షెడ్డులో మీకు సిగ్గనిపించింది ఎప్పుడు?"

 ఇస్త్రీ పెట్టె బుస కొడుతోంది. సిగ్గు సంగతి ఎవరైనా నలుగురిలో మాట్లాడతారా? మా అమ్మలు మమ్మల్ని పెంచిందే "సిగ్గు, సిగ్గు" అంటూ. గట్టిగా నవ్వితే సిగ్గు, అడిగితే సిగ్గు, వద్దంటే సిగ్గు.

పెరిజాత్ మమ్మల్ని బట్ట కత్తిరించే పెద్ద బల్ల దగ్గరికి తీసుకుపోయింది. మేం గుర్తులు పెట్టే సుద్దముక్కే తీసుకుని మా ఒక్కొక్కరికీ ఒక సున్నా చుట్టింది. బల్ల కొసన తురాత్‌కి ఒకటి. "మాట్లాడొద్దు. ఎవరి ముందు సిగ్గుపడుతున్నారో వాళ్ళ దాకా ఒక గీత గియ్యండి, చాలు."

సాయ్‌కాల్ ముందు తీసుకుంది సుద్ద. తన సున్నా నుంచి బురుల్ అక్కకి ఒకటి, జూరాకి ఒకటి, నాకొకటి, మా అందరికీ గీసుకుంటూ పోయింది.

"మాకెందుకే?" అన్నాను, ఉండబట్టలేక.

"నా వాటా మీరు కుట్టారు కదక్కా."

 సుద్ద లాక్కున్నాను. నా సున్నా నుంచి దాని సున్నాకి గీశాను, ముక్క విరిగేంత గట్టిగా. బురుల్ అక్క కూడా దానికే గీసింది. జూరా కూడా. అందరూ గీశారు. బల్లంతా మా మధ్య గీతలే, పురికొస చిక్కుపడ్డట్టు. తురాత్ సున్నా బల్ల కొసన శుభ్రంగా ఉంది. ఆయన తరఫున గీద్దామన్నా దాంట్లోంచి ఎవరి వైపుకి గియ్యాలో తోచలేదు.

"అంటే, ఆయనకి ఎవరి ముందూ సిగ్గు లేదు. ఆయన సిగ్గు కూడా మనమే పడుతున్నాం" అంది జూరా. ఈసారి ఎవరం నవ్వలేదు.

సాయంత్రం తురాత్ వచ్చి ఆ గీతలు చూసి, బొమ్మలేసుకుంటున్నారా అని చేత్తో చెరిపేశాడు.

రెండు రోజుల తర్వాత పెరిజాత్ మళ్ళీ వచ్చింది. కూర్చోకుండానే చెప్పింది. "మీ యజమాని నన్నొకటి అడిగాడు. మీలో ఎగదోసేది ఎవరో పేరు చెప్పమన్నాడు. ఇంకోటి, సాయ్‌కాల్‌ని పంపించేస్తాడట. పిల్ల ఏడుపుతో పని చెడుతోందట. ఆదివారం అన్నం దగ్గర చెప్పి, బాతా చెప్పించి, అక్కడితో ముగిస్తానన్నాడు."

సాయ్‌కాల్ మిషను ఆపేసింది. అక్టోబరు చివర, చలి మొదలైంది. వెనక గది పోతే చంటిదానితో ఎక్కడికి పోతుంది?

"పేర్లు చెప్పావా?" జూరా అడిగింది.

"లేదు."

"మేమెందుకు నమ్మాలి? ఆయన పలావు తిన్నావు. మా ముడి విప్పుతానని వచ్చి, మమ్మల్ని ఆయన చేతికి కట్టి ఇవ్వడానికి కొలతలు తీసుకుంటున్నావేమో."

"తిన్నాను. ఆ పిల్ల నిలబడి ఉంటే నేను చేతులు కూడా తెరిచాను. ఇన్ని పుస్తకాలు చదివి, అక్కడ జరుగుతున్నదేమిటో తెలిసి కూడా తెరిచాను" అంది పెరిజాత్. సుద్ద తీసుకుని, ఖాళీ బల్ల మీద తనకొక సున్నా చుట్టుకుని, సాయ్‌కాల్ కూర్చున్న వైపుకి గీత గీసింది. "ఇదిగో, నాది. ఆయన జీతం వద్దని చెప్పేశాను. ఇప్పుడు మీరు పొమ్మంటే పోతాను."

 జూరా కాస్త జరిగి, బల్ల దగ్గర చోటిచ్చింది.

అప్పుడు మొదలైంది వాదన. జూరా మిషన్లు ఆపేద్దామంది. ఒకామె, ఆపితే రేపు మనకి బదులు ఇంకొకరు కూర్చుంటారంది. నేను సాయ్‌కాల్‌ని మా ఇంట్లో పెట్టుకుంటానన్నాను. "పెట్టుకుంటే ఆయన గెలిచినట్టేనే. తర్వాత నీకు జ్వరమొస్తే నిన్నెవరు పెట్టుకుంటారు?" అని జూరా నా మీద లేచింది. ఆ మాటా నిజమే.

"నువ్వు చెప్పమ్మా చదువుకున్నదానివి" అంది బురుల్ అక్క.

"నేను చెప్పకూడదు. ఒక్కటి అడుగుతాను. అషార్‌కి పిలిచి, తినబెట్టి, పని చేయించుకుని, తిరిగి మీ గోడకి రానివాణ్ణి మీ ఊళ్ళో ఏమంటారు?"

 "సిగ్గులేనివాడంటారు" అంది బురుల్ అక్క.

ఆదివారం వచ్చింది. కుట్టాం. కడాయి దిగింది. పరిచిన గుడ్డ చుట్టూ కూర్చున్నాం. పెరిజాత్ ఈసారి ఎదురుగా కూర్చోలేదు, గుమ్మం పక్కన సాయ్‌కాల్ దగ్గర కూర్చుంది. తురాత్ తీయగా మొదలుపెట్టాడు. బడిపిల్లల యూనిఫారాల ఆర్డరు వచ్చిందన్నాడు, దేవుడి దయ అన్నాడు, సాయ్‌కాల్ చెల్లి తన దారి తాను చూసుకుంటుందన్నాడు. "బురుల్ అక్కా, ఇక బాతా చెప్పు."

బురుల్ అక్క చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. తియ్యలేదు.

"చెబుతాలే తమ్ముడూ. వసంతంలో వానలకి మా ఇంటి వెనక గోడ కూలింది. నీ అషార్లన్నిటికీ నేనొచ్చాను కదా, ఇప్పుడు నేను పిలుస్తున్నాను. వచ్చి మట్టి తొక్కు. అన్నం నేను పెడతాను. బాతా అక్కడ చెబుతాను."

తురాత్ నవ్వాడు. "గోడకి ఎంతవుతుందో చెప్పక్కా, ఇస్తాను."

"డబ్బెవరడిగారు? చేతులు అడిగాను."

"మా పొయ్యి పడిపోయింది" అంది జూరా. "బురుల్ అక్క తర్వాత మా ఇంటికి."

"మా ఇంటి పైకప్పు కారుతోంది, నీకు తెలుసు తురాత్" అన్నాను నేను. అన్న అని పిలవకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నాలుక తడబడింది, అయినా అన్నాను.

అలా ఒక్కొక్కరూ పిలిచారు. చివరికి గుమ్మం దగ్గర్నుంచి సాయ్‌కాల్ గొంతు వినబడింది. "నాకు గోడ లేదన్నా. ఆ రోజు ఆసుపత్రి వరండాలో పిల్లనెత్తుకుని నిలబడ్డాను. మీరు నా పక్కన వచ్చి నిలబడి ఉంటే ఆ రోజుకి అదే చాలుండేది."

తురాత్ ముఖం మాడిపోయింది. తానే అరచేతులు తెరిచి గబగబా బాతా చదివి ముఖం తుడుచుకున్నాడు. "ఓమిన్" అన్నాడు. ఆ మాట అన్నది ఆయనొక్కడే. మా చేతులన్నీ మోకాళ్ళ మీదే ఉన్నాయి. పలావు మీద కొవ్వు గడ్డకట్టింది.

ఆయన పోలీసుల్ని పిలిచాడు. వచ్చిన అధికారి మమ్మల్ని చూశాడు, గుడ్డ చుట్టూ ఊరికే కూర్చున్న ఆడవాళ్ళం. ఏ నేరం రాయాలో తెలియలేదు. తురాత్ పెరిజాత్‌ని చూపించి, ఇదే రెచ్చగొట్టిందన్నాడు. ఆవిణ్ణి లేపి తీసుకుపోయారు. మేం కూడా లేచి వెనకాలే నడిచాం. మా వీధి పొడుగునా కుట్టు షెడ్లే. ఆదివారమైనా అన్నిట్లోనూ మిషన్లు తిరుగుతున్నాయి. ఒక్కో కిటికీలోంచి తలలు బయటికి వచ్చాయి. "ఏమైందే?" అని అరిచారు. "మా యజమానిని అషార్‌కి పిలిచాం" అని జూరా చెప్పుకుంటూ పోయింది.

స్టేషన్ వాకిట్లో ఆ అధికారి బురుల్ అక్కని నిలదీశాడు. "ముసలిదానివి, ఈ వయసులో రోడ్డుకెక్కావు. సిగ్గు లేదూ?"

"ఉంది బాబూ" అంది బురుల్ అక్క. "ఉండబట్టే వచ్చాం."

చీకటి పడకముందే పెరిజాత్‌ని వదిలేశారు. మాకు వచ్చిన బెదిరింపులు ఇక్కడ రాయను. ఆ రాత్రి సాయ్‌కాల్ పిల్లతో మా ఇంట్లో పడుకుంది. సోమవారం పొద్దున వెళ్ళేసరికి షెడ్డు గేటుకి తాళం. సాయ్‌కాల్ మూట, పిల్ల దుప్పటి గేటు బయట పడి ఉన్నాయి.

మేం ఇంటికి పోలేదు. గేటు ముందే గుడ్డ పరిచి కూర్చున్నాం. కాసేపటికి పక్క షెడ్డు నుంచి ఇద్దరమ్మాయిలు రొట్టెలు తెచ్చి, మాటా పలుకూ లేకుండా మా పక్కన కూర్చున్నారు. తర్వాత ఎదురు షెడ్డు వాళ్ళు టీ కెటిలుతో వచ్చారు. మధ్యాహ్నానికి గుడ్డ చాలక ఇంకో గుడ్డ పరచాల్సి వచ్చింది. అవతల మూలన మిషన్ల చప్పుడు తగ్గుతూ వచ్చింది.

తినడం అయ్యాక అందరూ బురుల్ అక్క వైపు చూశారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇవాళ బాతా సాయ్‌కాల్ చెబుతుంది."

"నేనా?" సాయ్‌కాల్ బెదిరిపోయింది. పెద్దవాళ్ళుండగా చిన్నపిల్ల బాతా చెప్పడం మాలో లేదు. "నాకు సిగ్గక్కా."

"మాక్కూడా" అన్నాను. "చెప్పవే."

సాయ్‌కాల్ పిల్లని నా ఒళ్ళో పెట్టింది. రెండు అరచేతులూ పైకి పట్టుకుంది.  "ఈ గేటు ఏ ఒక్కరి కోసమో మాత్రమే తెరుచుకోకుండా ఉండుగాక. తెరుచుకుంటే మా అందరికీ తెరుచుకోవాలి" అంది.

మేమందరం చేతులు తెరిచాం.